నల్లరేగడిలో పండ్ల మొక్కలు: లోతు గుంతలు తీయాలా, ఎత్తు బోదెలు కట్టాలా?

ప్రశ్న
రాసినవారు: పల్నాడు రెండెకరాలు

పెద్దలకు, తోటి రైతులకు నమస్కారం.

నరసరావుపేట, చిలకలూరిపేటల మధ్య మాకు రెండెకరాల నల్లరేగడి ఉంది. తాతగారి కాలం నుంచి అందులో పత్తి, మిరప, అప్పుడప్పుడు శనగ తప్ప మరొకటి వేయలేదు. నాన్నగారికి వయసు పైబడింది. నేను ఉద్యోగం వల్ల వారాంతంలో మాత్రమే పొలానికి వెళ్లగలుగుతున్నాను. అందుచేత ఏటా విత్తి ఏటా కోసే పంటలకు బదులు చెట్లు పెట్టాలని ఇంట్లో అందరం అనుకున్నాం. మామిడి అంట్లు, జామ, సపోటా, కొన్ని నిమ్మ మొక్కలు, గట్ల వెంట వేప, నేరేడు పెట్టాలని మా ఆలోచన.

నేల సంగతి చెప్పాలంటే, పైన నాలుగైదు అడుగుల వరకు జిగట నల్లమట్టి, దాని కింద సున్నపు గులకలు కలిసిన పసుపుపచ్చని మట్టి ఉన్నాయి. వేసవిలో చేయి దూరేంత నెర్రెలు పడతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెద్ద వాన పడితే దక్షిణపు మూలలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిచి ఉంటాయి, మిగతా పొలంలో కాలు దిగబడుతుంది. బోరు ఉంది, నీరు ఒక మాదిరిగా వస్తుంది.

జేసీబీతో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండే గుంతలు తీయించి, తీసిన నల్లమట్టిని పక్కన పోసేసి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపమని ఊళ్లో చాలామంది సలహా ఇస్తున్నారు. అయితే మా పక్క పొలంవారు సరిగ్గా ఇలాగే చేసి మామిడి అంట్లు పెట్టారు. దసరా వరకు అవి చక్కగా చిగుళ్లు వేశాయి. తరువాత వచ్చిన వానలకు ఆకులు వాలిపోయాయి. నీరు చాలలేదేమో అనుకుని వారు బోరు నీళ్లు కూడా పెట్టారు. సంక్రాంతి నాటికి సగానికి పైగా మొక్కలు ఎండిపోయాయి. అంత మంచి మట్టి పోసిన గుంతలోనే మొక్క ఎందుకు చనిపోయిందో నాకు అర్థం కావడం లేదు. ఇలాంటి నేలలో మొక్కను ఎలా నాటాలో, ఎప్పుడు నాటాలో, నేను అనుకున్న వాటిలో ఏవి నిలబడతాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు
రాసినవారు: గట్టు మీద వేప

నమస్కారమండి. ఉద్యాన శాఖలో క్షేత్రస్థాయిలో పనిచేసి విరమించుకున్నాను. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం రేగడి మండలాల్లోనే గడిచింది. మీ పక్క పొలంలో మొక్కలు చనిపోయిన తీరులోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నల్లరేగడి ఎండి ఉన్నప్పుడు నెర్రెల గుండా నీటిని చాలా వేగంగా తీసుకుంటుంది. ఒకసారి తడిసి, ఉబ్బి, నెర్రెలు మూసుకుపోయాక మాత్రం నీరు కిందికి దిగడం దాదాపు ఆగిపోతుంది. పూర్తిగా నానిన రేగడిలో గంటకు ఒక మిల్లీమీటరు నీరు కూడా ఇంకదు. అటువంటి నేలలో మూడడుగుల లోతున గుంత తీసి, వదులుగా ఉండే ఎర్రమట్టి, ఇసుక నింపితే, చుట్టుపక్కల పడిన వాన నీరంతా ఆ వదులు మట్టిలోకే వచ్చి చేరుతుంది. చేరిన నీటికి బయటికి పోయే దారి ఉండదు. ఒక్కొక్క మొక్క కింద ఒక్కొక్క నీళ్ల తొట్టి కట్టించినట్టే అవుతుంది. వేర్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. గాలి అందని వేరు నీటిని పీల్చలేదు. అందుకే మొదలు నీళ్లలో ఉన్నా ఆకులు వాలిపోతాయి, చూసేవారికి అది నీటి ఎద్దడిలాగే కనిపిస్తుంది, ఇంకా నీరు పెడతారు. ఆ దశలో మొక్కను పెకలించి చూస్తే వేర్లు నల్లబడి, పైతోలు వేళ్లతో లాగితే ఊడివస్తుంది, మట్టి మురుగు వాసన వేస్తుంది. పక్క పొలంలో ఇంకా మిగిలిన గుంతల్లో ఒకదాన్ని తవ్వి చూడండి, నేను చెప్పినది మీకే తెలుస్తుంది.

కాబట్టి రేగడిలో మొక్కను కిందికి దింపకూడదు, నేలను పైకి లేపి దాని మీద నాటాలి. వరుస పొడవునా ఒకటిన్నర నుంచి రెండడుగుల ఎత్తు, అడుగున ఐదారు అడుగుల వెడల్పు ఉండేలా ఎత్తుబోదె కట్టించండి. ఇరువైపులా తీసిన కాలువల మట్టే ఆ బోదెకు సరిపోతుంది, కాబట్టి బయటి నుంచి మట్టి తోలనక్కరలేదు. ఆ కాలువలే మురుగునీటిని తీసుకుపోతాయి. అయితే అవి పొలం వాలును అనుసరించి దిగువన ఉన్న డొంకలోకో వాగులోకో కలవాలి. దారి చూపని కాలువ ఎంత లోతుగా తీసినా ప్రయోజనం ఉండదు. మీ దక్షిణపు మూలలో ముందుగా చేయవలసిన పని ఇదే. అక్కడి నీరు బయటికి పోయే ఏర్పాటు జరిగేవరకు ఆ మూలలో మొక్క పెట్టకండి.

మీ నేల ఎంత తీవ్రమైనదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి నీటితో నింపండి. అది పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, రెండోసారి నీటి మట్టం గంటకు ఎంత తగ్గుతున్నదో పుల్లతో కొలవండి. గంటకు అంగుళం కంటే తక్కువ తగ్గితే నీరు ఇంకని నేల కింద లెక్క. మరునాటి ఉదయానికి కూడా నీరు నిలిచి ఉంటే లోతు గుంత ఆలోచన పూర్తిగా మానుకోండి. ఈ పరీక్ష వేసవిలో నెర్రెలు తెరిచి ఉన్నప్పుడు చేస్తే తప్పుడు ఫలితం వస్తుంది. వానలు పడి నేల బాగా తడిశాకే చేయాలి.

ఇసుక విషయం కూడా చెప్పాలి. బంకమట్టి స్వభావం మారాలంటే మొత్తం మట్టిలో సగానికి పైగా ఇసుక ఉండాలి. రెండెకరాలకు అది ఎవరివల్లా అయ్యే పని కాదు, గుంతకు రెండు తట్టల ఇసుక వేయడం వల్ల ఆ రెండు తట్టల డబ్బు పోవడం తప్ప మరేమీ జరగదు. రేగడిని గుల్లబరిచేది సేంద్రియ పదార్థమే. బాగా చివికిన పశువుల ఎరువును బోదె పైమట్టిలో కలపండి, అదీ నాలుగో వంతుకు మించకుండా. అడుగున వేసిన ఎరువు గాలి తగలక కుళ్లి వేర్లకు హాని చేస్తుంది, పైగా అది కుంగినప్పుడు మొక్క కూడా దానితో పాటు దిగిపోతుంది.

బోదె మీద మొక్క నాటే గుంత, నర్సరీ కవరులో వేర్లతో వచ్చే మట్టిగడ్డ ఎంత లోతు ఉంటే అంతే లోతు, దానికి రెండు మూడు రెట్లు వెడల్పు ఉంటే చాలు. ట్రాక్టరు మరతో గుండ్రంగా గుంతలు తీయిస్తున్నారు కానీ, తడి రేగడిలో ఆ మర తిరిగినప్పుడు గుంత గోడలు నున్నగా మెత్తబడి, ఆరాక వేరు చొరబడలేని పొరగా మారతాయి. అలా తీయించవలసి వస్తే గునపంతో గోడలను గరుకుగా చెక్కించండి. ఏ పనైనా పదునులోనే చేయించాలి. రేగడి ఎండితే గునపం దిగదు, నానితే పారకు అంటుకుని ఊడదు. రెంటికీ నడుమ వచ్చే ఆ నాలుగైదు రోజుల కోసం కాచుకుని ఉండాలి.


జవాబు
రాసినవారు: నూజివీడు తోట

పై జవాబులోని కొన్ని మాటలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత తీసి, పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేటు కలిపిన పైమట్టితో నింపి మామిడి నాటాలన్నది మేము చిన్నప్పటి నుంచి విన్న సిఫారసు, చేస్తున్న పద్ధతి. మా ప్రాంతంలో అలా నాటిన తోటలు తరాలుగా కాపు కాస్తున్నాయి. లోతుగా తవ్వితేనే తల్లివేరు కిందికి దిగుతుంది, చెట్టు గాలివానకు నిలబడుతుంది. బోదె మీద నాటిన మొక్కకు వేసవిలో మూడు వైపుల నుంచి ఎండ తగిలి మట్టి త్వరగా ఆరిపోతుంది, తుపాను గాలికి మొక్క ఒరిగిపోతుంది. వారానికి ఒకసారి మాత్రమే పొలానికి వెళ్లగలిగే వ్యక్తికి ఇటువంటి సలహా ఇవ్వడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.


జవాబు
రాసినవారు: గట్టు మీద వేప

మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. నూజివీడు వైపు ఉన్నవి ఎక్కువగా ఎర్రనేలలు. వాటిలో నీరు సులువుగా ఇంకుతుంది. చాలాచోట్ల అడుగు రెండడుగుల కింద గట్టి మొరం పొర ఉంటుంది, మీటరు గుంత ఆ పొరను ఛేదించి వేరుకు దారి ఇస్తుంది. అక్కడ ఆ సిఫారసు నూటికి నూరుపాళ్లు సరైనది. మీ నల్లరేగడిలో మీటరు గుంత దిగేంత లోతులో ఛేదించవలసిన పొర ఏదీ లేదు, అంతవరకు ఒకే బంకమట్టి. దానిలో గుంత తీస్తే వేరుకు దారి ఏర్పడదు, నీరు నిలిచే చోటు ఏర్పడుతుంది.

రేగడిలో నీటి యాజమాన్యం గురించి మన దగ్గరే చాలా పని జరిగింది. 1972లో పటాన్‌చెరులో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థ నల్లరేగడి పరీవాహక క్షేత్రాల్లో వెడల్పు మడులు, కాలువల పద్ధతిని రూపొందించింది. సుమారు 100 సెంటీమీటర్ల వెడల్పు మడి, దాని పక్కన 50 సెంటీమీటర్ల కాలువ, వాలుకు అనుగుణంగా స్వల్పమైన ఏటవాలు, ఇదే దాని స్వరూపం. అది వార్షిక పంటల కోసం చేసినదే అయినా, వానాకాలంలో వేరు ఉన్న చోటును నీటి మట్టానికి పైన ఉంచాలన్న సూత్రం చెట్టుకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే పెసర పైరు ఒక పంటకాలం ఓర్చుకుంటే చాలు, చెట్టు ప్రతి ఏడూ ఓర్చుకోవాలి.

ఎండ గురించి, గాలి గురించి మీరు చెప్పినవి న్యాయమైన అభ్యంతరాలు. ఒక్కొక్క మొక్కకు విడిగా నిటారు దిబ్బ కడితే మీరన్నట్టే జరుగుతుంది. నేను చెబుతున్నది వరుస పొడవునా సాగే, వెడల్పుగా, పక్కలు ఏటవాలుగా ఉండే బోదె. దానిపై నాలుగైదు అంగుళాల మందాన గడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని, ముక్కలు చేసిన పత్తి కట్టె గాని కప్పితే ఆరిపోవడం చాలావరకు తగ్గుతుంది. మొక్క కాండానికి జానెడు దూరం వదిలి కప్పాలి, కాండాన్ని తాకుతూ వేస్తే మొదలు కుళ్లుతుంది. ఇక గాలి విషయానికి వస్తే, చెట్టును నిలబెట్టేవి పక్కలకు విస్తరించిన వేర్లు. చెట్టు వేర్లలో అధిక భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. గాలి ఆడే బోదెలో అవి త్వరగా విస్తరిస్తాయి. మొదటి రెండేళ్లు గాలి వచ్చే వైపున ఒక కర్ర నాటి, తాడును ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కట్టిన మొక్క కాండం బలపడదు.


జవాబు
రాసినవారు: ఆదిలాబాద్ చేను

మాది ఆదిలాబాద్ జిల్లా, మా దగ్గర పత్తి పండే భూములన్నీ మీరు చెప్పినటువంటి రేగళ్లే. ఎలా నాటాలన్నది పై పెద్దలు వివరించారు కాబట్టి ఏవి నాటాలన్న దాని గురించే రాస్తాను. నా అభిప్రాయంలో సగం గెలుపు అక్కడే ఉంది, ఎందుకంటే బోదె ఎంత బాగా కట్టినా కొన్ని చెట్లకు ఈ నేల అసలు సరిపడదు.

మీరు రాసిన వాటిలో మామిడి విషయంలో నాకు సంకోచం ఉంది. మామిడికి లోతైన, నీరు ఇంకే నేల కావాలి. కింద సున్నపు గులకలు ఉన్నాయని చెబుతున్నారు కాబట్టి మొక్క ఎదిగి వేర్లు ఆ పొరను తాకాక ఆకులు పాలిపోవడం, ఎదుగుదల మందగించడం జరగవచ్చు. ఇంటి అవసరానికి నాలుగైదు అంట్లు, పొలంలో అన్నిటికంటే ఎత్తైన భాగంలో పెట్టుకోండి, ఎకరం మొత్తం మామిడికి కేటాయించకండి. నిమ్మ జాతికి నీరు నిలవడం అంటే కాండం నుంచి జిగురు కారే బంక తెగులు, వేరుకుళ్లు రెంటినీ పిలవడమే. పొరుగున విదర్భలో నల్లనేలల మీద కమలా తోటలు పెద్ద ఎత్తున ఉన్న మాట నిజమే కానీ, అక్కడి రైతులు నిత్యం పోరాడేది కూడా ఈ తెగుళ్లతోనే. నిమ్మ తప్పనిసరిగా కావాలనుకుంటే బోదె ఎత్తు తగ్గించకండి, నీరు కాండాన్ని తాకనివ్వకండి, వానలకు ముందు మొదలుకు బోర్డో పేస్టు పూయండి. కిలో మైలతుత్తం (కాపర్ సల్ఫేటు), కిలో సున్నం, పది లీటర్ల నీరు దాని పాళ్లు. మైలతుత్తాన్ని, సున్నాన్ని వేరువేరుగా కలిపి ఆ తరువాత ఒకటి చేయాలి, ఇనుప పాత్ర వాడకూడదు.

జామ ఈ నేలకు బాగా ఓర్చుకుంటుంది, త్వరగా కాపుకు వస్తుంది, మీకు మొదటి ఆదాయం దానినుంచే రావచ్చు. సపోటాను పాల అనే అడవి చెట్టు మొక్క మీద కట్టిన అంట్లుగా తెచ్చుకోండి, అది బరువు నేలను తట్టుకుంటుంది, మురుగు మాత్రం సహించదు. నేరేడు మీ దక్షిణపు మూలకు దగ్గరగా పెట్టదగిన చెట్టు, కొన్నాళ్లు నీళ్లు నిలిచినా తట్టుకోగలదు. అక్కడే కానుగ, తెల్లమద్ది కూడా నిలబడతాయి. తెల్లమద్ది సహజంగా వాగుల ఒడ్డున పెరిగేదే. రేగు, ఉసిరి, చింత గురించి మీరు ఆలోచించినట్టు లేదు. వాటిలో రేగును నేను ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను, నల్లనేలను, క్షారాన్ని, నీటి కొరతను మూడింటినీ భరించే పండ్ల చెట్టు మరొకటి దొరకడం కష్టం. వేపకు గట్టు చాలు, గట్టు తానే ఒక ఎత్తుబోదె కాబట్టి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. గట్ల మీద వేపల నడుమ గిరిపుష్పం (గ్లైరిసిడియా) కొమ్మలు పాతుకుంటే ఏటా రెండు మూడు సార్లు రొట్ట కోసి మొక్కల మొదళ్లలో కప్పడానికి పనికివస్తుంది.

మీ ఊరి పొలాల్లో ఎవరూ నాటకుండా తమంత తాము మొలిచి పెరిగిన చెట్లు ఏవో ఒకసారి తిరిగి చూడండి. నల్లతుమ్మ బలంగా పెరిగిన చోట నేల లోతుగా ఉందని అనుకోవచ్చు. తుంగ, జమ్ము పెరిగిన చోట నీరు నిలుస్తుందని వేరే పరీక్ష అవసరం లేకుండానే చెప్పవచ్చు.


జవాబు
రాసినవారు: డల్లాస్ పెరటితోట

నేను ప్రస్తుతం అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ దగ్గర ఉంటున్నాను. ఈ చర్చ చదువుతుంటే మా పెరటి గురించే రాసినట్టు అనిపించింది. ఈ ప్రాంతాన్ని నల్లనేలల మైదానం అనే అర్థం వచ్చే బ్లాక్‌లాండ్ ప్రెయరీ అన్న పేరుతో పిలుస్తారు. ఇక్కడి హ్యూస్టన్ బ్లాక్ అనే నేల మన రేగడి వర్గానికే చెందినది, ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బుతుంది. ఇళ్ల పునాదులు కదలకుండా వేసవిలో పునాది చుట్టూ మట్టికి నీరు పెట్టే అలవాటు కూడా ఇక్కడ ఉంది. ఒకప్పుడు ఇదీ పత్తి పండించిన నేలే.

ఇక్కడ చెట్లు నాటేవారు చెప్పే రెండు విషయాలు మీకు ఉపయోగపడతాయని రాస్తున్నాను. మొదటిది, కాండం వేరుగా మారే చోట కొంచెం వెడల్పుగా విచ్చుకున్న భాగం ఉంటుంది, అది తప్పనిసరిగా మట్టికి పైన కనిపించాలి. నర్సరీ కవరులోనే చాలాసార్లు ఆ భాగం మట్టిలో కూరుకుపోయి ఉంటుంది, కాబట్టి నాటే ముందు పై మట్టిని తొలగించి దాన్ని వెతకాలి. రెండోది, కవరులో గుండ్రంగా చుట్టుకున్న వేర్లను విడదీయాలి, విడిపోని వాటిని పదునైన కత్తితో కోయాలి, గడ్డ వెలుపలి మట్టిని కొంత రాల్చి వేరు కొనలు నేరుగా నల్లమట్టిని తాకేలా చేయాలి. నర్సరీలో వాడే ఎర్రమట్టి మిశ్రమం చుట్టూ ఉన్న బంకమట్టి కంటే త్వరగా ఆరిపోతుంది, ఆరినప్పుడు రెంటి మధ్య సందు ఏర్పడుతుంది, వేరు ఆ సందును దాటక లోపలే తిరుగుతూ ఉండిపోతుంది. మీ పొలంలో మొక్కలు మొదటి ఏడాది బతికి రెండో ఏడాది ఎదగకుండా ఆగిపోతే దీన్ని కూడా ఒక కారణంగా అనుమానించండి.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: పల్నాడు రెండెకరాలు

ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. జేసీబీ మాట మానుకున్నాం. ఆదిలాబాద్ మిత్రులు చెప్పినట్టు మామిడిని తగ్గించి జామ, రేగు, సపోటా పెంచుతాం. నాన్నగారికి నేరేడు మీద ఇష్టం ఎక్కువ, దక్షిణపు వైపు వాటికే ఇస్తాం.

మరో మూడు సందేహాలు ఉన్నాయి. ఎరువుల దుకాణంలో ఎకరానికి కొన్ని బస్తాల జిప్సం చల్లితే రేగడి గుల్లబారుతుందని చెబుతున్నారు, అది నిజమేనా? బోదెలు ఎప్పుడు తోలించి మొక్కలు ఎప్పుడు నాటాలి? నేను వారానికి ఒకసారే వెళ్తాను కాబట్టి మొదటి వేసవిలో నెర్రెలు పడినప్పుడు మొక్కలను ఎలా కాపాడుకోవాలి?


జవాబు
రాసినవారు: గట్టు మీద వేప

జిప్సం గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది అక్కడే. సోడియం అధికంగా చేరి చౌడుబారిన నేలను జిప్సం బాగుచేస్తుంది. భూసార పరీక్షలో మార్పిడి సోడియం శాతం (ఈఎస్‌పీ, మట్టి రేణువులకు అంటుకున్న సోడియం పాలు) 15 దాటి, ఉదజని సూచిక (పీహెచ్) 8.5కు పైన ఉంటే తప్పకుండా వేయాలి, ఎంత వేయాలో కూడా ఆ పరీక్షను బట్టే నిర్ణయించాలి. సున్నపు గులకలున్న మామూలు రేగడిలో కాల్షియం ఇప్పటికే సమృద్ధిగా ఉంటుంది, అక్కడ జిప్సం వేసినా గుల్లబారదు. పరీక్షకు పంపేలోగా ఇంట్లోనే ఒకటి చూడవచ్చు. గాజు గ్లాసులో వాన నీరు తీసుకుని, పెసరగింజంత ఎండిన మట్టిపెళ్లను కదపకుండా అందులో వదిలి కొన్ని గంటలు ఉంచండి. పెళ్ల విరిగి చిన్న ముక్కలై అడుగున పడి, నీరు తేటగా ఉంటే భయం లేదు. పెళ్ల చుట్టూ పాలపొగలాంటి తెర లేచి నీరు కలకబారితే సోడియం ఉందని గట్టిగా అనుమానించాలి. బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి. నేల బాగున్నా ఉప్పు నీరు పెడితే రెండు మూడేళ్లలో అదే స్థితికి వస్తుంది.

బోదెలను వేసవి జల్లులు పడి నేల పదునెక్కినప్పుడు తోలించండి. దున్నిన పెళ్లలు రోహిణి ఎండకు ఎండి, ఆ తరువాతి వానకు వాటంతట అవే పొడిగా రాలతాయి. రేగడికి ఉన్న ఈ గుణాన్ని వాడుకుంటే పెళ్లలు పగలగొట్టే కూలి మిగులుతుంది. తొలి వానలకు బోదె కొంత కుంగుతుంది, అది కుంగాక ఆరుద్ర, పునర్వసు కార్తెల నడుమ, అంటే జూన్ చివరి నుంచి జూలై మధ్యలోగా మొక్కలు నాటండి. అలా నాటితే సెప్టెంబరు, అక్టోబరుల భారీ వానలు వచ్చేసరికి వేర్లు బోదెలో రెండు నెలల ఎదుగుదల సాధించి ఉంటాయి. ఆ అదును తప్పితే ఆగస్టు చివరలోనో సెప్టెంబరులోనో హడావుడిగా నాటవద్దు. తుపాను రోజులు దాటిపోయాక డిసెంబరులో, డ్రిప్పు సిద్ధం చేసుకుని నాటడం మేలు. ఎప్పుడు నాటినా కవరు గడ్డ పైభాగం బోదె మట్టానికి రెండు మూడు అంగుళాలు ఎత్తున ఉండాలి, అంటు కట్టిన చోటు మట్టికి కనీసం అరడుగు పైన ఉండాలి. నాటాక మొక్క చుట్టూ కాలితో తొక్కకండి, తడి రేగడిని తొక్కితే అందులోని గాలి అంతా పోతుంది. చేతితో అదిమి ఒకసారి నీరు పోస్తే చాలు.

వేసవి విషయంలో మీ భయం సరైనదే. నెర్రె మొక్క పక్కగా పడితే లేత వేర్లను తెంపుతుంది, తెగని వేర్లను గాలికి ఎండగడుతుంది. దీనికి పైన చెప్పిన కప్పు ఒక్కటే చాలదు. వరుసల మధ్య నేలను ఫిబ్రవరి నుంచి గుంటకతో పైపైన తోలిస్తూ ఉండండి. పైన రెండు మూడు అంగుళాల పొడి మట్టి పరుచుకుంటే కింది తడి ఆవిరి కావడం తగ్గుతుంది, నెర్రెలు సన్నబడతాయి. అప్పటికే పడిన నెర్రెలను పొడిమట్టి, పశువుల ఎరువు కలిపి పూడ్చండి, నీటితో పూడ్చాలని చూడకండి, పెట్టిన నీరంతా మొక్కకు అందకుండా లోతుకు పోతుంది. వానాకాలంలో వరుసల మధ్య పెసర, మినుము గాని, పచ్చిరొట్టకు జనుము గాని వేసుకోవచ్చు. మొక్కకు మూడడుగుల దూరం వదిలి విత్తండి, జనుమును పూత సమయంలో కలియదున్నించండి. పత్తి, మిరప మాత్రం మధ్యలో మళ్లీ వేయవద్దు. వాటికి పెట్టే నీరు, చల్లే మందులు లేత తోటకు మంచివి కావు.

డ్రిప్పుకు మొక్కకు ఇరువైపులా అడుగు దూరంలో ఒక్కొక్కటి చొప్పున, గంటకు నాలుగు లీటర్లు ఇచ్చే చుక్క గొట్టాలు పెట్టండి. రేగడిలో నీరు కిందికి కంటే పక్కలకు ఎక్కువగా పాకుతుంది కాబట్టి వాటిని మొదలుకు ఆనించనక్కరలేదు, చెట్టు ఎదిగేకొద్దీ దూరం జరుపుతూ పోవాలి. రోజూ కొంచెం కొంచెం పెట్టడం కంటే ఒకసారి నిదానంగా పెట్టి, మధ్యలో ఆరనివ్వడం ఈ నేలకు సరిపోతుంది, వారానికి ఒకసారి వెళ్లే మీకూ అది అనుకూలం. మే నెలలో మాత్రం వారం మధ్యలో మరొకసారి తడి ఇచ్చే మనిషిని ఏర్పాటు చేసుకోండి. నీరు పెట్టే ముందు కప్పును పక్కకు జరిపి జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్దై చేతికి అంటుకుంటే ఆ రోజు నీరు వద్దు. ముద్దై, వేలితో పొడిస్తే విడిపోతుంటే పెట్టండి.

నిమ్మలో, జామలో లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఉన్న నేలలో తడి ఎక్కువైనప్పుడు ముందుగా కనిపించే లక్షణం ఇదే. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు ఆకుల మీద పిచికారీ చేయండి. నేలలో వేసిన అన్నభేది సున్నంతో కలిసి మొక్కకు అందకుండా పోతుంది. మందు కొట్టే ముందు బోదె పక్క కాలువలో నీరు ఆగి ఉందేమో చూసి, ఉంటే దాన్ని తీయించాకే కొట్టండి.